మీసాల ఫోటో కింద ఆడపిల్ల మాట

నాందేడ్‌లో మొండా అనే ధాన్యం మార్కెట్ దగ్గర ఒక చిన్న వాచనాలయంలో పుస్తకాలిచ్చే పని నాది. పిల్లలు పుస్తకాలు తీసుకుపోతారు, తెచ్చిస్తారు. ఎలా ఉందంటే మాత్రం నేలచూపులు చూస్తారు. అందుకని ఫోన్‌లో అందరూ కలిసి రాసుకునే పేజీ ఒకటి పెట్టాం. నచ్చిన పుస్తకం గురించి ఎవరైనా నాలుగు ముక్కలు రాయవచ్చు, అది చూసి తక్కినవాళ్లు వచ్చి అడగవచ్చు. నోరు విప్పని పిల్లలు కూడా అక్కడ గడగడా రాసేశారు. పేజీని నాతో పాటు కిరాణా దుకాణం ఆవిడ ఒకామె చూసుకునేది.

అందరికన్నా బాగా రాసేది ముఖేడ్ వైపు నుంచి వచ్చిన ఒక హమాలీ కూతురు. తొమ్మిదో తరగతి. ఇంటిల్లిపాదికీ ఒకటే ఫోన్. సాయంత్రం తండ్రి మొండా నుంచి వస్తేగాని అది ఆమె చేతికి రాదు. ఆమె ఏం రాసినా పైన తండ్రి పేరూ, మీసాల ఫోటో పడేవి. సంగతి నాకు తెలుసు కాబట్టి వింతగా తోచలేదు.

ఒకరోజు ఆమె, ఎదిగే ఆడపిల్లల ఒంట్లో వచ్చే మార్పుల గురించిన మరాఠీ పుస్తకం చదివి ఇలా రాసింది: "ఆడపిల్లలు సిగ్గుపడకుండా చదవాలి. అమ్మను అడగలేనివన్నీ ఇందులో ఉన్నాయి."

తెల్లారేసరికి కొంప మునిగింది. కిరాణా ఆవిడ ఆ నంబరును పేజీలోంచి తీసేసి, "వీడు ఆడపిల్లలకు ఏమేమో చెప్తున్నడు, జాగ్రత్త" అని ఫోటోను పిల్లల తల్లుల వాట్సాప్ గ్రూపులో పెట్టేసింది. వెంటనే ఫోన్ చేశాను.

"రాసింది ఆయన బిడ్డ అక్కా!"

"నాకేమెరుక? నా బిడ్డ గూడ ఆ పేజీ చూస్తది. గా మీసాలు చూసి నాకు కాళ్లు చేతులు ఆడలే. నువ్వయితె ఊకుంటివా?"

ఊరుకునేదాన్ని కాదు. ఆమె భయం అబద్ధం కాదు. కానీ నన్నొక్క మాట అడిగితే నోటి ముత్యాలు రాలతాయా అని ఒళ్లు మండింది. తరువాత "పొరపాటయింది" అని ఆమే గ్రూపులో రాసింది. అప్పటికే ఫోటో మొండా అంతా తిరిగింది. ఆయన బస్తాలు మోసేది ఆ తల్లుల ఇళ్లవాళ్ల దుకాణాల్లోనే.

రెండో రోజు ఆయనే ఆ పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"మేడం, బిడ్డ కార్డు తీసేయుండ్రి."

"తప్పు నీది కాదన్నా, బిడ్డది అసలే కాదు. పేజీల దాని పేరు మీదనే మళ్ల చేర్పిస్త."

"నాకెరుకే మేడం. గని నేను బస్తా ఎత్తుకొని లోపలికి పోతె, సేఠ్ తన చిన్న బిడ్డను దగ్గరికి గుంజుకుంటున్నడు. గది చూసినంక ఇగ నాకు చాతనయితలేదు."

నాకు ఏడుపొచ్చింది. ఆపుకోలేకపోయాను. నేను ఏడుస్తుంటే ఆయనే ఇబ్బంది పడి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. ఆ పిల్ల మళ్లీ రాలేదు. బడి దగ్గర ఒకసారి కనిపిస్తే పక్క సందులోకి తిరిగింది.

మొన్న కిరాణా ఆవిడ కూతురు వచ్చి అదే పుస్తకం అడిగింది. ఇచ్చాను. చదివి తిరిగి తెస్తూ, "మేడం, దీని గురించి రాసిన అక్క ఇంకేం చదువుమన్నది?" అంది.

"మీ అమ్మను అడుగు" అన్నాను.

పిల్లకు అర్థం కాలేదు. సరేనని తలూపి, అడగడానికే ఇంటికి పోయింది.