నర్సింలు కప్పిన మిద్దె

నర్సింలు అంటే సౌదీలోని ఈ అల్ బాహా కొండల్లో ఎవరికీ తెలియదు. రాతి ఇంటి ఇండియావాడంటే మాత్రం ఎవరైనా దారి చూపిస్తారు.

ఆ ఇల్లు ఆరేడు వందల ఏళ్లనాటిదని అతని కఫీల్, అంటే వీసా ఇచ్చి పనికి తెచ్చుకున్న యజమాని, అబూ సాలెహ్ చెబుతాడు. దానిమ్మ తోట నడుమ రెండంతస్తుల ఇల్లు. సున్నం, సిమెంటు లేకుండా పలక రాళ్లు పేర్చి కట్టిన గోడలు. కింద గొడ్లకి, పైన మనుషులకి. చుట్టుపక్కల అలాంటివన్నీ కూలి రాళ్లగుట్టలయ్యాయి. ఇదొక్కటే నిక్షేపంగా ఉందంటే పద్నాలుగేళ్లుగా నర్సింలు దాన్ని కనిపెట్టుకుని ఉండబట్టే.

అతనిది నారాయణఖేడ్ దగ్గర పల్లె. తోటపనికని తెచ్చుకుంటే, వచ్చిన వారంలోనే "ఇది మా మట్టిమిద్దె లెక్కనే ఉన్నది గద" అంటూ పైకప్పెక్కి కూర్చున్నాడట. ఇక దిగితే ఒట్టు.

నేను ఆ ఊరి క్లినిక్‌లో నర్సుని. మాది పాలకొల్లు. నా నోటికి జడిసి డాక్టర్లే పక్కకి తప్పుకుంటారు. నర్సింలు మాత్రం శుక్రవారం శుక్రవారం దానిమ్మకాయలు తెచ్చిచ్చి మరీ నా చేత తిట్లు తినేవాడు. బీపీ మాత్రలు వేసుకోడు మరి. "నీకంటే ఆ గోడలు నయం అన్నయ్యా, చెప్పిన మాటింటాయి" అంటే పళ్లన్నీ బయటపెట్టి నవ్వేవాడు.

ఈ ఏడు ఫిబ్రవరిలో ఒకరోజు నవ్వకుండా వచ్చి ఫోన్ నా ముందు పెట్టాడు. అతని భార్య ముత్యవ్వకి కాలేయంలో గడ్డ. కూతురు సునీత రిపోర్టులు పంపింది. అప్పటికే అతను మిద్దె మీది పాత మట్టంతా దించేసి ఉన్నాడు. ఈ కొండల్లో మార్చిలోనే వానలు, అవి దగ్గరపడ్డాయి. మళ్లీ కప్పాలంటే పొర పొరకీ మట్టి ఆరాలి, దిమ్మిసతో కొట్టాలి. ఇరవై రోజుల పని. అబూ సాలెహ్ మంచివాడే, ఊరెళ్లి రావడానికి రీఎంట్రీ వీసా వేయించి, "ప్లాస్టిక్ కప్పి వెళ్లు, వచ్చాక చూద్దాం" అన్నాడు. నర్సింలుకి అది మింగుడు పడలేదు.

"ప్లాస్టిక్ గాలికి ఆగుతదా జ్యోతమ్మా? నీళ్లు దిగితే దూలాలు మురిగిపోతయి. గన్ని వందల ఏండ్ల ఇల్లు నా చేతుల కూలాల్నా? నువ్వు సూసి చెప్పు, ముత్యవ్వ ఎన్ని దినాలు ఆగుతది?"

రిపోర్టు చూశాను. వారం, మహా అయితే రెండు వారాలు. ఇరవై రెండేళ్ల సర్వీసులో ఆ మాట ఎవరికీ మొహం మీద చెప్పలేదు నేను. తిట్టడానికి లేచే నోరు అక్కడ లేవదు. మా నర్సులకి అదో అలవాటు, చావు కబురు చెప్పాల్సి వస్తే నాలుగు రోజులు కలిపే చెబుతాం.

"నెల్దాకా ఏం పర్లేదులే అన్నయ్యా" అన్నాను.

అతని ముఖం తేటపడింది. "గట్లయితే కప్పినంకనే పోత" అని వెళ్లిపోయాడు. వెనక్కి పిలవాల్సింది. బయట ఇంజెక్షన్లకి జనం ఉన్నారని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

పన్నెండో రోజు ముత్యవ్వ పోయింది. కబురు తెలిసి నేను వెళ్లేసరికి నర్సింలు పైకప్పు మీదే ఉన్నాడు, మోచేతుల దాకా మట్టి. చివరిదాకా "మీ నాయిన బయలెల్లిండా?" అని అడుగుతూనే ఉందని సునీత ఫోన్‌లో ఏడుస్తోంది. అంత్యక్రియలు ఆ ఫోన్‌లోనే చూశాడు. మర్నాడు మళ్లీ దిమ్మిస పట్టాడు.

మార్చిలో పెద్ద వాన పడిన రోజున అబూ సాలెహ్ మమ్మల్ని చాయ్‌కి పిలిచాడు. లోపల ఒక్క చుక్క కారలేదు. ఆయన నర్సింలుని కావలించుకుని, గ్లాసులు తేవడానికి కిందకి వెళ్లాడు. ఇప్పుడైనా చెప్పేయాలనుకున్నాను.

"అన్నయ్యా, ఆ రోజు నేను నీకు..."

"నువ్వేం జేస్తవు జ్యోతమ్మా? నువ్వు నెల అన్నవు, నెల ఉండె ఆమెకు" అన్నాడు. గొంతులో కోపం వినిపించింది. పద్నాలుగేళ్లలో అతని కోపం నేనెరగను. "ఇంకో ఎనిమిది దినాలు ఆగకపాయె. ముత్యవ్వనే తొందరపడ్డది."

అవునంటావు కదా అన్నట్టు నా ముఖంలోకి చూశాడు.

"అవునన్నయ్యా" అన్నాను.