పట్టుపురుగులున్నన్నాళ్లూ

నిన్న మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో సెక్రటరీ ఒక మెసేజ్ పెట్టాడు. సాయంత్రాలు మూడో అంతస్తు నుంచి అరుపులు వస్తున్నాయట, పిల్లలకు పరీక్షలు కాబట్టి దయచేసి సహకరించాలట. ఆ అరుపులు ఎవరివో, ఎవరు కొడితే వస్తున్నాయో మదనపల్లెలో మా వీధి చివర ఇస్త్రీ బండి ఆయనకు కూడా తెలుసు. కొట్టే మొగుడు వెంటనే సారీ అని చేతులు జోడించిన బొమ్మ పెట్టాడు. దానికి అందరూ బొటనవేళ్లు ఎత్తారు. నేను ఫోను పక్కన పడేసి, పైకి వెళ్లి ఆ అమ్మాయి తలుపు తట్టాను. "ఏం లేదు ఆంటీ, జారిపడినా" అంది తలుపు సందులోంచి. ఈ మాట వినీ వినీ విసుగొచ్చేసింది నాకు, ఆ పిల్ల మీద కాదు. మెట్లు దిగుతుంటే మా పెద్దమ్మ గుర్తొచ్చింది.

పెద్దమ్మను కుప్పం దగ్గర పల్లెకిచ్చారు. వాళ్లది పట్టుపురుగులు పెంచే ఇల్లు. పురుగులున్నన్నాళ్లూ ఆ ఇంట్లో చెప్పులతో అడుగు పెట్టకూడదు, పొగ రాకూడదు, తిరగమోత ఘాటు తగలకూడదు. అన్నిటికన్నా ముఖ్యంగా కొట్లాట, ఏడుపు వినపడకూడదు. వినపడితే పురుగు మేత మానేస్తుందని, గూడు కట్టదని వాళ్ల నమ్మకం. ఈ మాట మొదట ఎవరు పుట్టించారో గాని ఆడమనిషే అయ్యుండాలి. బస్సెక్కితే కండక్టరుతో, దిగితే ఆటోవాడితో తగాదా పడే మా పెద్దనాయన ఆ రోజుల్లో అడుగు చప్పుడు కాకుండా తిరిగేవాడు. కాఫీ కావాలంటే బొటనవేలు నోటి దగ్గర పెట్టి చూపించేవాడు. ఒకసారి పురుగులున్నప్పుడు, వాళ్ల మాటల్లో పంట మధ్యలో, వెళ్లినప్పుడు అది చూసి మేము పెరట్లోకి పరుగెత్తి పడీపడీ నవ్వుకున్నాం. పెద్దమ్మ మల్బరీ ఆకు తరిగి తట్టల్లో పరుస్తూ ఏదో కూనిరాగం తీస్తూ ఉంది.

గూళ్లు అమ్ముడయ్యాక ఇల్లు కడిగి, సున్నం కొట్టి, కొన్నాళ్లు పురుగులు పెట్టకుండా వదలాలి. మా అమ్మ పుంగనూరు నుంచి మమ్మల్ని బడి మాన్పించి మరీ ఆ ఖాళీ రోజుల్లో పంపేది. పిల్లలుంటే ఆయన చెయ్యి లేవదని ఆమె ఆశ. లేచేది, ఒక్కోసారి. పెద్దమ్మ ఎడమ చెయ్యి మోచేతి దగ్గర తిన్నగా ఉండేది కాదు. ఊళ్లోవాళ్లు మాత్రం "ఆయమ్మకు అలుపే లేదు, ఒక పంట దించీ దించకనే ఇంకోటి పెడతాది" అని మెచ్చుకునేవాళ్లు. ఎందుకు పెడుతుందో ఎవరూ అడగలేదు.

ఒక ఏడు బోరు ఎండిపోయింది. మల్బరీ తోట మాడి, పంట లేకుండా పోయింది. ఎండాకాలం సగం గడిచేసరికి పెద్దమ్మ పగిలిన పెదవితో, చేతిలో ఒక సంచితో మా ఇంటికి వచ్చేసింది. వానలు పడి తోట చిగిర్చాక పెద్దనాయన తెల్లచొక్కా వేసుకుని, మా ఇంట్లోనే ఉండే అమ్మవాళ్ల నాయనకు, మా తాతకు, అరటిపండ్లు పట్టుకుని దిగాడు.

"పురుగు గుడ్లకు చెప్పేసొచ్చినా మామా. ఈమె ల్యాకుంటే పురుగును ఎవురు సూస్తారు?"

తాత మెత్తబడ్డాడు. "సూడమ్మా, పిలవను వచ్చినాడు. పంట పెట్టుకుంటే అంతా సరిపోతాది. పో."

పెద్దమ్మ లేవలేదు. నేల చూస్తూ అంది. "పురుగులకు కొట్లాట పడదంటే ఊరంతా నమ్ముతాండారు నాయనా. నాకు పడదంటే యాల నమ్మరు?"

తాత కండువా తీసి మళ్లీ వేసుకున్నాడు. ఆయన ఏమంటాడో అని చూస్తుంటే, మా అమ్మ గడపలోంచి వచ్చి, "అక్క రాదు బావా. కాఫీ తాగేసి పోండి" అంది. ఆయన కాఫీ తాగకుండానే పోయాడు.

పెద్దమ్మ మా ఇంట్లోనే ఉండిపోయింది. ఆమె మీద ఎవరూ గొంతు కూడా పెంచలేదు. అయినా ఎవరి చేతిలోంచైనా చెంబు జారిపడితే, రెండు చేతులూ తలకు అడ్డం పెట్టుకుని గోడకు ఒదిగిపోయేది. నాకు పెళ్లయి, పిల్లలను తీసుకుని పుట్టింటికి వెళ్లే రోజుల్లోనూ అంతే. చివరికి ఒకనాడు మా చిన్నది పళ్లెం పడేస్తే, ఆమె తల మాత్రం తిప్పి, "తీసి పెట్టమ్మా" అంది. పొయ్యి దగ్గరున్న మా అమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. చెయ్యి లేచి పడడానికి రెప్పపాటు చాలు. ఆ దెబ్బ పెద్దమ్మ ఒంట్లోంచి దిగిపోయేసరికి మా అమ్మ జుట్టు నెరిసిపోయింది.