పెట్టె చెక్కల లోపలివైపు

నా చిన్నప్పుడు మా ఇంట్లో దేవుళ్లు కూడా అలమరలోనే ఉండేవారు. గోడమీద ఒక్క పటం ఉండేది కాదు. నాన్న సైన్యంలో హవల్దారు. మేం ఉండేవి సర్కారు క్వార్టర్లు, వాటి గోడలకు మేకు కొట్టకూడదు. ఖాళీ చేసే రోజున ఒక మనిషి వచ్చి గోడలన్నీ తడిమి చూసి, చిల్లు కనిపిస్తే రాసుకుపోయేవాడు. అందుకని అమ్మ గోడల జోలికి పోయేది కాదు. బెల్గాంలో అంతే, జోధ్‌పూర్‌లో అంతే, పఠాన్‌కోట్‌లోనూ అంతే. తొంభైల మధ్యలో ఢిల్లీ కంటోన్మెంటుకు చేరేసరికి ఆమెకు గోడల మీదే కాదు, దేనిమీదా ధ్యాస మిగల్లేదు.

మా సామాను తిరిగేది చెక్కపెట్టెల్లో. ఫౌజీల ఇళ్లన్నిటిలోనూ ఉండేవే, నల్లరంగు పూసి తెల్ల అక్షరాలతో మనిషి పేరూ, చేరాల్సిన ఊరూ రాసిన పెట్టెలు. బదిలీ వచ్చినప్పుడల్లా నాన్న పాత ఊరి మీద నల్లరంగు పూసి దానిమీద కొత్త ఊరు రాసేవాడు. ఆయన బయట రాస్తూ ఉంటే అమ్మ లోపల సర్దేది. అడుగున పాత పేపర్లు, వాటిమీద గిన్నెలు, గిన్నెల మధ్య చీరలు, చీరల్లో గాజు గ్లాసులు, ఒక మూల గుడ్డ చుట్టిన ఆవకాయ జాడీ. ఎక్కడైనా పలక విరిగితే ఆ ఊళ్లో ఏ చెక్క దొరికితే అది వేయించేవాళ్లం. అలా ఒకే పెట్టెలో దేవదారూ మామిడీ టేకూ కలిసిపోయి ఉండేవి.

ఢిల్లీకి వచ్చిన ఆ వేసవిలో అమ్మ పెట్టెలు విప్పలేదు. వండుకోవడానికి కావలసినవి తీసుకుని మూతలు మళ్లీ వేసేసింది. వాటిమీద దుప్పటి పరిచి కుర్చీల్లా వాడుకున్నాం. నాన్న అడిగితే, మళ్లీ కట్టేదే కదండీ, విప్పడం దేనికి అనేది. ఒకరోజు అన్నం వడ్డిస్తూ, పెద్ద విషయమేమీ కాదన్నట్టు చెప్పింది.

"మళ్లీ బదిలీ వస్తే మీరెల్లండి. నానూ పిల్లా ఇజినారంలో ఉండిపోతాం. నాకింక ఓపిక లేదండీ."

విజయనగరం అమ్మ పుట్టిల్లు. ఆమె కోపంగా అని ఉంటే నాకంత భయం వేసేది కాదు. మా క్వార్టర్ల వరసలో నాన్న లేకుండా ఉండే ఇళ్లు చాలా ఉండేవి. ఆ పిల్లలు సెలవు మీద వచ్చిన తండ్రిని చూసి తల్లి కొంగు వెనక దాక్కునేవారు. కన్నతండ్రినే అంకుల్ అని పిలిచిన పిల్లను నేను చూశాను. నేనూ అలా అయిపోతానని నాకు దిగులు పట్టుకుంది.

నాన్నకూ పట్టుకున్నట్టుంది, పైకి చెప్పలేదంతే. రైల్లో వస్తున్నప్పుడు మా పెట్టెలు రెండు పగిలిపోయాయి. వాటి పలకలు వరండాలో పడి ఉండేవి. ఆదివారాలు ఆయన వాటిని ముందేసుకుని గరుకు కాగితంతో రుద్దడం మొదలుపెట్టాడు. ఒక పొర నలుపు పోతే దానికింద ఒక ఊరి పేరు తేలేది. మరో చెక్కమీద ఇంకాస్త రుద్దితే అంతకుముందు ఊరు. ఆ పేర్లున్న ముక్కల్ని పొడుగువీ పొట్టివీ కోసి, రెండు కర్రబద్దల మీద పక్కపక్కన మేకులతో దిగ్గొట్టాడు. నేను పుట్టిన ఊరు, నడక నేర్చిన ఊరు, బడికి వెళ్లిన ఊరు అన్నీ అందులో ఉన్నాయి. పైన ఉండే పంజాబీ ఆంటీ దిగివచ్చి, "అరే భాయీసాబ్, బహుత్ సుందర్ హై" అని మెచ్చుకుంది. మేకు కొట్టే పని లేకుండా పైన వెంటిలేటరు ఊచకు తాడు కట్టి దాన్ని గోడకు వేలాడదీశాడు నాన్న. అమ్మ కూరలు తేవడానికి వెళ్లింది. వచ్చి చూసి మురిసిపోతుందని ఇద్దరం గుమ్మం దగ్గరే నిలబడ్డాం.

అమ్మ వచ్చింది. సంచీ కింద పెట్టి ఒక్కో పేరూ చదివింది. చదివి, పెట్టెమీద కూలబడింది.

"మోసుకు తిరిగింది చాలదేటండీ? ఈ ఊర్లన్నీ మళ్లీ గోడమీద కూడా చూడాలా?"

నాకు అమ్మమీద ఒళ్లు మండిపోయింది. ఎన్ని ఆదివారాల పని అది. నాన్న కూడా ఆ మాటే అంటాడని, లేదంటే మాట్లాడకుండా బయటికి వెళ్లిపోతాడని అనుకున్నాను.  ఆయన స్టూలెక్కి తాడు విప్పి, దాన్ని నేలమీద బోర్లా పడుకోబెట్టి, పట్టుకారు తెచ్చుకుని మేకులు పీకడం మొదలుపెట్టాడు. విసురు లేదు, మొహంలో అలక లేదు. అలసిపోయిన మనిషి ఇంకో అలసిపోయిన మనిషి మాట విన్నట్టు ఉంది, అంతే.

ఊడిన ముక్కల లోపలివైపు పైకి కనిపిస్తోంది. అటువైపు రంగు లేదు. అమ్మ ఉన్నట్టుండి లేచి వచ్చి ఒక దేవదారు ముక్క చేతిలోకి తీసుకుంది. దానిమీద అరచేయంత ఎర్రటి నూనె మరక.

"ఇది జోధ్‌పూర్ ఎల్లినప్పటి ఆవకాయ కదా," అంది.

బొటనవేలితో ఆ మరకను రాసి వాసన చూసింది. ఇంకో ముక్కమీద ఇత్తడి గిన్నె అడుగు నొక్కుకుపోయిన గుండ్రటి గుర్తు. మామిడి చెక్కకు తెలుగు పేపరు తునక ఒకటి అంటుకుని ఉంది. ఒక్కొక్కటీ తిప్పి చూస్తూ నేలమీద చతికిలబడింది. చాలాసేపటికి నాన్నతో మామూలుగా అంది.

"బయటివైపు మీది. లోపలివైపు నాది. ఇలా తిప్పి కొట్టండి."

"అలాగే కానీ," అన్నాడు నాన్న.

ఏ ముక్క పక్కన ఏది ఉండాలో అమ్మే పేర్చింది. పసుపుపచ్చ దేవదారు పక్కన నల్లటి టేకు, దాని పక్కన బూడిదరంగు మామిడి. ఊళ్ల పేర్లు గోడవైపుకు తిరిగాయి, మరకలు మావైపుకు వచ్చాయి. సాయంత్రానికి అది మళ్లీ వెంటిలేటరు నుంచి వేలాడింది. మర్నాడు అమ్మ ఒక పెట్టె విప్పింది. అన్నీ కాదు, ఒక్కటి.

తర్వాత బదిలీ రానే వచ్చింది. అమ్మ విసుక్కుంటూనే సర్దింది. ముగ్గురం కలిసే వెళ్లాం. విజయనగరం మాట ఆమె మళ్లీ ఎత్తలేదు.

ఇప్పుడు నాకు ఘాజియాబాద్‌లో సొంత ఫ్లాటు ఉంది. ఎన్ని మేకులు కొట్టినా అడిగేవాళ్లు లేరు. ఆ చెక్కలు మా హాల్లో ఉన్నాయి. ఆఫీసు నుంచి ట్రాఫిక్‌లో ఈదుకుంటూ వచ్చేసరికి నాకు ఒంట్లో ఏమీ మిగలదు, మా ఆయనకూ మిగలదు. నేను ఇష్టంగా చేసినదాన్ని చూసి ఆయన నాకిది వద్దన్న రోజులున్నాయి. ఎంత కష్టపడి చేశానో తెలుసా అన్న మాట నా నోటిదాకా వస్తుంది. అప్పుడు పట్టుకారు పట్టుకుని నేలమీద కూర్చున్న నాన్న గుర్తొస్తాడు. అన్నిసార్లూ ఆ మాట మింగగలిగానని చెప్పను. కొన్నిసార్లు మింగాను.

దుమ్ము దులిపే రోజున దాన్ని దించి వెనక్కి తిప్పుతాను. బద్దల మధ్య నాన్న రాసిన ఊళ్లన్నీ అలాగే ఉంటాయి. వాటినీ తుడుస్తాను. తుడిచి, అమ్మవైపు బయటికి వచ్చేలా మళ్లీ తగిలిస్తాను.