స్థూల బరువు అరవై ఆరున్నర

ఇప్పటి వరకు నేను పోగొట్టుకున్నది మొత్తం ముప్పై ఒకటిన్నర కిలోలు. పెళ్లికి ముందు నాలుగు. అమ్మాయి పుట్టాక అయిదు (కన్నది మా ఆవిడ, బాలింతకని వండినవాటిలో మిగిలినవన్నీ తిన్నది నేను). అందరం ఇళ్లలో తలుపులు వేసుకుని కూర్చున్న రోజులు ముగిశాక ఆరున్నర. ఇండియా వెళ్లిన అయిదు సార్లూ విమానం ఎక్కే ముందు రెండేసి చొప్పున పది. ఆరు క్రిస్మస్ సెలవుల తర్వాత కిలో చొప్పున ఆరు. ఇంత పోగొట్టుకున్న మనిషి వెల్లింగ్టన్ ఈదురుగాలికి ఎగిరి సముద్రంలో పడి ఉండాలి. కానీ ఈ ఉదయం ఫ్లాట్ బుష్‌లోని మా ఇంట్లో వెయింగ్ మిషన్ ఎనభై ఒకటి చూపించింది. లెక్కలు నాకెవరూ నేర్పలేదు, నా అంతట నేనే నేర్చుకున్నాను. బహుశా తేడా అక్కడే వచ్చి ఉంటుంది.

ఆ రోజుల్లో బరువంటే సూట్‌కేసుకి ఉండేది, మనుషులకి ఉండేది కాదు. నాకు ఇరవై మూడేళ్లు. చదువు పేరుతో వచ్చి, టౌరంగాలో కివీపళ్లు పెట్టెలకెత్తే షెడ్డులో పని చేస్తూ, ఇద్దరు స్నేహితులతో ఒక ఫ్లాట్‌లో ఉండేవాణ్ణి. ఒకడు కర్నూలువాడు. ఇంటి ఓనరుతో మొదలుకొని బస్సు డ్రైవరు వరకు అందరితో రాజీలు కుదిర్చేవాడు కనుక వాడికి ఎమ్మెల్యే అని పేరు. రెండోవాడు పప్పు, మజ్జిగ తప్ప మరొకటి ముట్టని బక్కపల్చటి పంతులు. ఫ్లాట్‌లో మూడు గదులు. రెండింటికి ఉత్తరం వైపు కిటికీలు, భూగోళానికి ఈ అడుగున ఎండ అటునుంచే కాస్తుంది కనుక రోజంతా ఎండ. దక్షిణం వైపు గదికి మాత్రం సూర్యుడంటే ఎవరో తెలియదు. గోడకి చెమటలు పట్టేవి, చొక్కా విప్పి తగిలిస్తే తెల్లారేసరికి పిండుకోవచ్చు. దానికి మేం ఫ్రిజ్ అని పేరు పెట్టాం. వేసవంతా అందులో బియ్యం మూటలు, సూట్‌కేసులు ఉన్నాయి, మేం ముగ్గురం మిగతా రెండు గదుల్లో సర్దుకున్నాం. ఈస్టర్ (ఇక్కడది చలికాలానికి ముందు వస్తుంది) వచ్చేసరికి ఎమ్మెల్యే గురక భరించలేక, ఎవరో ఒకరు ఫ్రిజ్‌లోకి వెళ్లక తప్పదని తేలింది.

"చీటీలేస్తే దొంగచీటీలేస్తారు," అన్నాడు పంతులు.

"ఈస్టర్ నాలుగు దినాలూ ఆంటీ ఇంట్లోనే గదా భోజనం! ఎవడు ఎక్కువ బరువు పెరిగితే వాడు ఫ్రిజ్‌లోకి. గురువారం బరువుకు తిరిగొచ్చినంక బయటికి రావొచ్చు. ఏమంటావ్ మామా?" అన్నాడు ఎమ్మెల్యే నన్ను చూసి.

నాకు అంకెలంటే మోజు. ఒప్పుకున్నాను.

గురువారం షిఫ్టు అయ్యాక ముగ్గురం షెడ్డులో కాటా ఎక్కాం. పళ్లపెట్టెల దొంతరలు తూచే కాటా అది, అర కిలోకి తక్కువ దానికి తెలియదు. ఇనప ముక్కు బూట్లు లేకుండా అక్కడ అడుగు పెట్టనివ్వరు కనుక అందరం బూట్లతోనే ఎక్కాం. కాటా దగ్గరి కివీ (ఈ దేశంవాళ్లనీ పండు పేరుతోనే పిలుస్తారు) పెద్దాయన మమ్మల్ని ఎగాదిగా చూసి, పెట్టెలకి కొట్టినట్టే ముగ్గురికీ లేబుళ్లు కొట్టి వీపుల మీద అతికించాడు. నా లేబుల్ మీద: స్థూల బరువు, 66.5. (కాటా ఎక్కే ముందు టాయిలెట్‌లోకి వెళ్లి రెండు లీటర్ల నీళ్లు తాగాను. గురువారం బరువు ఎంత ఎక్కువుంటే మంగళవారానికి అంత లాభం కదా! ఈ సంగతి ఎమ్మెల్యేకి ఇప్పటికీ తెలియదు.)

ఆంటీ ఆ ఊళ్లో తెలుగు కుర్రాళ్లందరికీ ఆంటీ. గోదావరి జిల్లా మనిషి. ఆవిడ ఇచ్చిన డబ్బా ఖాళీగా తిరిగివ్వకూడదని మనం పళ్లు పెట్టి ఇస్తే, పళ్లు తీసుకుని డబ్బా నింపి మళ్లీ మన చేతికే ఇచ్చేది. అలా ఒక్క డబ్బాకి కూడా రుణం తీరేది కాదు. అలాంటి ఇంట్లో "వద్దు" అన్న మాట పనిచెయ్యదని నాకు తెలుసు. అందుకని ఒక సిద్ధాంతం తయారు చేసుకున్నాను. ఎనిమిది గ్రాముల అప్పడం తింటే మనిషి ఎనిమిది గ్రాములే పెరుగుతాడు, తొమ్మిది పెరగడానికి వీల్లేదు. కాబట్టి తేలికైనవి ఏరుకుని, రోజుకి అర కిలో దాటకుండా తినాలి. శుక్రవారం ఆంటీ వంటింటి త్రాసు తీసుకుని కూర్చున్నాను.

"ఏవిట్రా, అప్పడాన్ని తూస్తున్నావు? బంగారవా అది?"

"ఎనిమిది గ్రాములు ఆంటీ. ఇరవై పెట్టండి."

అప్పడాలు ఇరవై, నూట అరవై గ్రాములు. ఊరి నుంచి వచ్చిన పూతరేకులు పది, రెండు వందలు (ఆ మిఠాయి కనిపెట్టినవాడు నాలాంటివాడి కోసమే కనిపెట్టి ఉంటాడు). గాలితో నిండిన పూరీలు నాలుగు, నూట నలభై. మొత్తం సరిగ్గా అర కిలో. నాలుగు వందల గ్రాములు తూగిన పుచ్చకాయ ముక్కను చూసి భయపడి పక్కకి నెట్టేశాను. పెరుగుపచ్చడి కూడా వద్దన్నాను, అందులో దోసకాయ బరువు. నా పక్కన పంతులు పప్పన్నం, మజ్జిగ, పుచ్చకాయ తిని త్రేన్చాడు. వాడి మీద నాకు జాలి వేసింది.

"మా వంట నచ్చలేదా నాన్నా? పప్పు ముట్టుకోలేదు," అంది ఆంటీ.

"పప్పు బరువు ఆంటీ."

"మరి నీ బుర్ర తేలికా?" అని ఆవిడ మరో చెంబు నీళ్లు పెట్టింది. ఇరవై అప్పడాల ఉప్పుకి దాహం తీరడం లేదు. నీళ్లు ఎన్ని తాగానో లెక్క పెట్టలేదు. నీళ్లని తిండిలో ఎవరు లెక్క వేస్తారు? నాలుగు రోజులూ ఇదే పద్ధతి. ఆదివారం అప్పడాలు అయిపోతే వడియాలకి మారాను.

మంగళవారం ఉదయం బూట్లతో కాటా ఎక్కాం. పంతులు గ్రాము కూడా పెరగలేదు. కనపడినవన్నీ తిన్న ఎమ్మెల్యే ఒక కిలో పెరిగాడు. నేను కిలోన్నర. రెండు లీటర్ల మోసం చేసి కూడా!

"ఇదెట్ల మామా? నువ్వు అప్పడాలే గదా తింటివి!" అన్నాడు ఎమ్మెల్యే, నిజంగానే బాధపడుతూ. కాటా పెద్దాయన నాకు కొత్త లేబుల్ కొట్టి, "దీన్ని చల్లటి గదిలో పెట్టండి, లేకపోతే పాడవుతుంది," అన్నాడు. ఆయనకి మా పందెం సంగతి తెలియదు పాపం, పళ్ల గురించి రోజూ అనే మాటే అన్నాడు.

కిలోన్నరే కదా, వారంలో తగ్గి బయటికొస్తాననుకున్నాను. ఫ్రిజ్‌లో పడుకుంటే వణుకు. వణికితే ఆకలి. ఆకలికి ఎమ్మెల్యే వండిన గిన్నెడు అన్నం. శనివారం కాటా మీద మరో అర కిలో. పంతులుకి జాలేసి తన దుప్పటి ఇచ్చాడు, ఆంటీ డబ్బా పంపింది. ఆ చలికాలమంతా నేను ఫ్రిజ్‌లోనే ఉన్నాను, నిండుతున్న డబ్బాలాగా. ఆ తర్వాత చదువులు ముగిసి ఎవరి ఉద్యోగాలకి వాళ్లం వెళ్లిపోయాం. ఆ షరతు మాత్రం ఎవరూ రద్దు చెయ్యలేదు. ఇప్పటికీ ప్రతి ఈస్టర్‌కీ ఎమ్మెల్యే వెల్లింగ్టన్ నుంచి ఫోన్ చేసి, హలో కూడా అనకుండా, "ఎంత?" అంటాడు.

ఈసారి "పద్నాలుగున్నర తగ్గాలి రా," అన్నాను. ఎనభై ఒకటి లోంచి అరవై ఆరున్నర తీసేసి చెప్పాను. ఫోన్ పెట్టేసి, డైరీలో దాచుకున్న పాత లేబుల్ తీసి మా అమ్మాయికి చూపించాను. తెలుగు అర్థం చేసుకుంటుంది గానీ ఇంగ్లీషులోనే ఆలోచిస్తుంది. లేబుల్ అటూ ఇటూ తిప్పి, "నాన్నా, ఇది గ్రాస్ వెయిట్ కదా. నెట్ ఎంత?" అంది.

ఇరవై ఏళ్లకి పైగా నాకు తట్టని ప్రశ్న. బూట్లు కిలోన్నర. నీళ్లు రెండు కిలోలు. ఇరవై మూడేళ్ల వయసులో, ఎవరూ చూడకుండా టాయిలెట్‌లో సీసా ఎత్తి గటగటా తాగుతున్న ఆ కుర్రాడు నికరంగా తూగింది అరవై మూడు. ఒక్కసారి వాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి, ఒక పుచ్చకాయ ముక్క చేతిలో పెట్టి, "తినరా, ఏం కాదు," అని చెప్పాలనిపించింది.

నేను ఫ్రిజ్‌లోంచి బయటికి రావాలంటే ఇంకా తగ్గాల్సింది పద్దెనిమిది కిలోలు.