ఆవిడ ‘ఆయ్’, నా ‘ఆయ్’

పాపకు నాలుగో నెల రాగానే ఉద్యోగంలో చేరి, తనను అమలాపురంలో ఒక క్రెష్‌లో వదిలేదాన్ని. “బోర్లా పడుకోబెట్టకండి” అని రోజూ చెప్తే, క్రెష్ నడిపే ఆవిడ “ఆయ్, అలాగేనండీ” అనేది.

ఒక మధ్యాహ్నం చెప్పకుండా వెళ్లాను. పాప బోర్లా ఉంది, ముఖం దిండులో కూరుకుపోయి. తిప్పి చూస్తే పెదాలు నీలంగా ఉన్నాయి. గట్టిగా వీపు తట్టాక గానీ కెవ్వుమనలేదు.

“బంగారంలా పడుకున్న పిల్లని లేపేసేరేంటండీ! తొలిచూలు కదా, అన్నీ భయాలే మీకు” అని నవ్విందావిడ.

ఆ నవ్వు నేను మరిచిపోలేదు. శిశు సంక్షేమ శాఖలో ఫిర్యాదు పెట్టి, వాళ్లు తనిఖీకి వచ్చేదాకా వారం వారం ఆ ఆఫీసు చుట్టూ తిరిగాను. చివరికి ఆవిడే మా ఇంటికొచ్చి, “ఫిర్యాదు వెనక్కి తీసుకోండమ్మా” అని బతిమాలింది.

“ఆయ్, అలాగేనండీ” అన్నాను.

తీసుకోలేదు. ఇప్పటికీ ఆ వీధిన వెళ్తే, ఆ క్రెష్ గేటుకున్న తాళం చూసుకునిగానీ కదలను.