సరోజక్క ఆడిన అర నిమిషం

2023 వేసవి. అనంతపురంలో నేను ఫిజియోథెరపీ క్లినిక్ పెట్టి అప్పటికి పదకొండేళ్లు. మందుల షాపు పైన రెండు గదులు. ముందు గదిలో కుర్చీలు, వెనక గదిలో రెండు బల్లలు, వాటి మధ్య ఒక తెర, గోడకు నిలువెత్తు అద్దం. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా ఆడవాళ్లకే చూస్తాను. ఆ ఎండలో రావడం కష్టమే, కానీ ఇంట్లో మగవాళ్లు భోంచేసి పడుకునే వేళ కాబట్టి మా వైపు ఆడవాళ్లకు తీరిక దొరికేది అప్పుడే.

సరోజక్క బత్తలపల్లె నుంచి వచ్చేది. ఆమె పేరూ ఊరూ ఇక్కడ మార్చాను. నలభై ఆరేళ్లు. ఆ ఊళ్లోనే ఒక ప్రైవేటు ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తుంది. అన్నం గుండిగలు ఎత్తీ దించీ నడుములో డిస్క్ బల్జ్ అయింది. అంటే వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి దిండు కొంచెం బయటికి ఉబ్బి నరాన్ని నొక్కుతుంది. నొప్పి ఎడమ కాలి మడమ దాకా దిగేది.

ఇలాంటి వాళ్లకు నేను మొదట నేర్పేది పెల్విక్ టిల్ట్. వెల్లకిలా పడుకొని మోకాళ్లు మడిచి, పొత్తికడుపు కండరాన్ని లోపలికి లాగి నడుమును బల్లకు ఆనించడం. చెప్పడానికి సులువే. చేయమంటే మాత్రం చాలామంది ఊపిరి బిగబడతారు, లేదా పిరుదులు పైకెత్తేస్తారు. పట్టుబడడానికి వారం పడుతుంది. సరోజక్క మొదటిసారికే చేసింది. నిలబెట్టి, భుజాలు కదలకుండా ఒక పక్క తుంటి మాత్రం పైకెత్తమన్నాను. ఎత్తింది. ఆమె రవికె మీద ఒక్క ముడత కూడా కదల్లేదు. శరీరంలో ఒక భాగాన్ని మాత్రమే కదిలించి మిగతాదంతా నిలపడాన్ని మేము ఐసోలేషన్ అంటాం. అంత శుభ్రమైన ఐసోలేషన్ నా క్లినిక్‌లో నేనెప్పుడూ చూడలేదు.

"యాడన్నా నేర్చుకున్నావా అక్కా?" అన్నాను.

"యాడ నేర్చుకుంటాం మేడం. చిన్నప్పటి నుంచీ బిందెలు మోసినోళ్లం" అంది.

ఆ తర్వాత చెప్పినవన్నీ కావాలనే తప్పుగా చేసింది. నాకు తెలుస్తూనే ఉంది, కానీ అడగలేదు.

అదే నెలలో రెండో బల్ల మీదికి హర్షిత వచ్చింది. ఇరవై ఏడేళ్లు. వాళ్లది గార్లదిన్నె. వాళ్ల నాన్నకు పొలాలున్నాయి, రాజకీయాల్లోనూ తిరుగుతాడు. ఆ అమ్మాయి బెంగళూరు కంపెనీకి ఇంటి నుంచే పనిచేస్తోంది. మోకాలి లిగమెంట్ దెబ్బతింది. ఎలా తగిలిందని అడిగితే, "బెల్లీ డ్యాన్స్ ప్రాక్టీసులో" అంది, దాచుకోకుండా. బెంగళూరులో నాలుగేళ్లు నేర్చుకుందట. ఏడాది చివర్లో అక్కడ స్టేజీ మీద ఆడాలని ఉంది. ఇంట్లో ఒప్పుకోవడం లేదు.

"'ఎలక్షన్లప్పుడు డ్యాన్సోళ్లను పిలిపించేది మనం, ఆడేది మనింటి బిడ్డనా?' అన్నాడు మా నాయన. నెలయింది మేడం, నాతో మాట్లాడి. కూచిపూడి అయితే ముందు వరసలో కూర్చొని చప్పట్లు కొడతాడు. ఇది కూడా కళేనంటే వినడు."

ఒకరోజు తన ఫోన్‌లో ఎవరో ఈజిప్టు ఆవిడ వీడియో చూపించింది. మెడ నుంచి పాదాల దాకా నిండు గౌను, తుంటికి ఒక గుడ్డ కట్టుకొని ఉంది. అంత గుడ్డలోనూ ప్రతి కదలికా తెలుస్తోంది. అయినా నేను చెయ్యి చాచి తెర లాగాను. గదిలో ఉన్నది ఆడవాళ్లమే. మా ఇళ్లల్లో పెళ్లయితే లోపలి గదిలో ఆడవాళ్లు ఢోలక్ పెట్టుకొని ఆడతారు, నేనూ ఆడాను. తలుపు వేసి ఉన్నంతసేపూ అది సంబరం, తలుపు తెరుచుకుంటే సిగ్గు. ఆ అలవాటే నాతో తెర వేయించింది.

"వాళ్ల దేశంలోనూ ఇంతేనంట మేడం," అని హర్షిత చెబుతోంది. "పెళ్లికి డ్యాన్సర్ రాకపోతే వెలితి అంటారంట. అదే డ్యాన్సర్‌ను కోడలుగా తెచ్చుకోమంటే మొహం తిప్పుకుంటారంట."

తెర అవతల నుంచి సరోజక్క నవ్వింది. "అయితే మన గార్లదిన్నె మాదిరే ఉండారే!"

ఆ నవ్వుతో ఇద్దరికీ మాటలు కలిశాయి. హర్షిత "అక్కా" అని పిలిచేది, ఆమె "పాపా" అనేది. రెండు వారాల తర్వాత ఒక మధ్యాహ్నం హర్షిత అద్దం ముందు తుంటితో ఎనిమిది అంకె చుడుతోంది. మోకాలి భయంతో మాటిమాటికీ తప్పుతోంది. పక్క బల్ల మీద కూర్చొని చూస్తున్న సరోజక్క ఆగలేకపోయింది.

"మోకాలితో కాదు పాపా. మడిమె నేలకు తట్టల్ల. అప్పుడు తుంటి దానంతటదే లేస్తాది. చూడు."

లేచి నిలబడింది. కొంగు నడుముకు దోపింది. నాలుగు అడుగులు వేసిందో లేదో, ఆ గదిలో ఇంకొక మనిషి ఉన్నట్టయింది. పైన భుజాలు ప్రశాంతంగా ఉన్నాయి, కింద నడుము నీళ్లలా పారుతోంది. ముఖంలో ఏ సైగా లేదు, పనిలో మునిగిన మనిషి ముఖం. హర్షిత నోటి మీద చెయ్యి పెట్టుకుంది. నేను డిస్క్ గుర్తొచ్చి, "చాలక్కా, చాలు!" అని అరిచాను.

కూర్చున్నాక తనే చెప్పింది. నల్లమాడ పక్క పల్లెలో పుట్టిందట. పదిహేడో ఏట నుంచి పద్నాలుగేళ్లు రికార్డింగ్ డ్యాన్సు ట్రూపులో ఉంది. జాతరల్లో సినిమా పాటలు పెట్టి స్టేజీ మీద ఆడిస్తారే, అది.

"లైటు పట్టుకున్నోడు మొగం మీద ఏసేటోడు కాదు మేడం, కడుపు మీదనే ఏసేటోడు. మొగం ఎట్లుండాదో ఎవురికీ గుర్తే ఉండదు. అదీ ఒకందుకు మంచిదే అయింది. మానేసి బత్తలపల్లెకొచ్చి వంటకు చేరినాక ఎవురూ గుర్తుపట్టలేదు. నా బిడ్డకు కూడా తెల్దు. ఈ మాట ఈ రూములోనే ఉండల్ల."

ఇద్దరం మాటిచ్చాం.

తప్పు నాది. చికిత్సలో మార్పు తెలియడానికి నేను అప్పుడప్పుడు రోగుల కదలికను ఫోన్‌లో వీడియో తీస్తాను, వాళ్లను అడిగే. ఆరో వారం సరోజక్కను కూడా తీశాను. నొప్పి బాగా తగ్గి ఉషారుగా ఉంది. వ్యాయామం అయిపోయాక ఒక అర నిమిషం ఊరికే ఆడింది. అడగకుండానే, ఫోన్ ఆపకుండా అదీ తీశాను, అంత బాగుంది. పక్క బల్ల మీద నుంచి అదంతా చూసిన హర్షిత సాయంత్రం, "ఆ ముక్క పంపండి మేడం, ఇంట్లో ప్రాక్టీసు చేసుకుంటా" అని మెసేజ్ పెట్టింది. పంపాను. అంత తేలిగ్గా.

హర్షిత తల కనిపించకుండా కత్తిరించి, మంచి సంగీతం జతచేసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టింది. కింద ఇలా రాసింది: 'ఇది బూతు కాదు, కళ. మా అనంతపురం మట్టిలో పుట్టిన గొప్ప కళాకారిణి.' గౌరవంతోనే పెట్టింది, అందులో నాకు అనుమానం లేదు.

ముఖం లేదు గానీ ముంజేతి మీద తేలు పచ్చబొట్టు ఉంది. హాస్టల్ పిల్లలకు రోజూ అన్నం వడ్డించే చెయ్యి అది. రెండు రోజుల్లో వీడియో బత్తలపల్లెలో ఫోన్లన్నీ తిరిగింది. బయటి ఊళ్లవాళ్లు ఇంగ్లీషులో పొగిడారు. తెలుగులో రాసినవి నేనిక్కడ రాయలేను. ఒకడు మాత్రం, 'ఈ నడుము నల్లమాడ జాతరలో చూసినట్టుందే' అని రాశాడు.

సరోజక్క రావడం మానేసింది. ఫోన్ ఎత్తలేదు. వీడియో సంగతి తెలిసి హర్షితతో దాన్ని తీసేయించేసరికి ఆలస్యమైపోయింది. హాస్టల్ మేనేజరు ఆమెను కొన్నాళ్లు రావద్దన్నాడని విని, హర్షితను తీసుకొని బత్తలపల్లె వెళ్లాను.

తలుపు తీసింది ఆమె కూతురు గౌతమి. నర్సింగ్ రెండో సంవత్సరం చదువుతోంది. లోపలికి రమ్మనలేదు.

"మీరేనా ఫిజియో మేడం?" అంది. "పేషెంటు ఫొటో గానీ వీడియో గానీ బయటికి పోకూడదని మాకు మొదటి నెలలోనే చెప్పినారు. మీకు చెప్పలేదా?"

ఇన్నేళ్ల వృత్తిలో నా వయసులో సగం ఉన్న విద్యార్థిని ముందు అలా తల వంచుకొని నిలబడడం అదే మొదటిసారి.

"లోపలికి రానీ పాపా," అని సరోజక్క గొంతు వినిపించింది. చాప మీద కూర్చొని ఉంది. హర్షిత ఆమె పక్కన కూలబడి ఏడ్చేసింది.

"చెడ్డగా ఒక్క మాట రాయలేదక్కా. నువ్వు ఆర్టిస్టువనే రాసినా. అందరికీ తెలియల్లని..."

"నేను బాగా ఆడతానని నాకు తెలుసు పాపా. నువ్వు ఊరికి చెప్పల్లని నేనడిగినానా? నువ్వు ఆడితే బెంగళూర్లో చప్పట్లు కొడతారు. మీ నాయన తిడతాడు, మళ్లా అన్నం పెడతాడు. నాకు పోయేదానికి ఇంకో ఊరు ల్యా." కాస్త ఆగి నా వైపు తిరిగింది. "జాతరలో లైటేసినోడు నన్నడగలేదు. నువ్వూ అడగలేదు మేడం."

ఆ మాట మెత్తగానే అంది. "నాదే తప్పక్కా," అన్నాను.

గౌతమి తల్లి పక్కన వచ్చి కూర్చుంది. ఆమె మోకాలి మీద చెయ్యి వేసి, "నాకు చెప్పింటే నేనేమన్నా అనుకుంటానా మా?" అంది. సరోజక్క కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

మరుసటి రోజు హాస్టల్ మేనేజర్ దగ్గరికి సరోజక్కతో కలిసి వెళ్లాను. నా క్లినిక్ లెటర్‌హెడ్ మీద, అది నడుము నొప్పికి నేను చేయించిన వ్యాయామమనీ, నా పొరపాటు వల్ల బయటికి వెళ్లిందనీ రాసిచ్చాను. ఆయన రెండుసార్లు చదివాడు.

"అట్లా చెప్పండి మేడం. ఎక్సర్‌సైజా! మేమింకేమో అనుకుంటిమి. పిల్లల తల్లిదండ్రులకు ఈ కాగితం చూపిస్తే సరిపోతుంది," అన్నాడు. ఆమె వైపు తిరిగి, "రేపటి నుంచి రా అమ్మా," అన్నాడు.

ఐదు నిమిషాల్లో పని అయిపోయింది. బయటికొచ్చి బస్సు కోసం నిలబడ్డాం. నేను తేలికపడ్డాను, ఆమె పడలేదు.

"అదే నడుము, అదే తిప్పు. నువ్వు ఎక్సర్‌సైజని రాస్తే మంచిదయిపాయ," అంది.

"అబద్ధం రాశానా అక్కా?"

"అబద్ధం కాదు. సగం రాసినావు."

మూడు వారాల తర్వాత మళ్లీ చికిత్సకు వచ్చింది. అప్పటికి వెనక గది తలుపు దగ్గర ఒక బుట్ట పెట్టాను. రోగులవే కాదు, నా ఫోన్ కూడా అందులో వేశాకే లోపలికి వెళ్తాను. వీడియో అవసరమైతే ఎందుకో, ఎవరు చూస్తారో, ఎప్పుడు చెరిపేస్తానో కాగితం మీద రాసి సంతకం తీసుకుంటున్నాను. చదవడం రానివాళ్లకు చదివి వినిపిస్తాను. వానలు పడేనాటికి సరోజక్క కాలి నొప్పి పోయింది. హాస్టల్లో గుండిగ ఎత్తడానికి ఇంకొక మనిషిని ఇచ్చారు. హర్షిత ఆదివారాలు ఆమె ఇంటికి పోయి నేర్చుకునేది. బెంగళూరులో ఆడింది కూడా. వాళ్ల నాన్న వెళ్లలేదు, అమ్మ వెళ్లింది.

బెల్లీ డ్యాన్స్ కళా, కవ్వింపా అని హర్షితా వాళ్ల నాన్నా ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. ఇద్దరూ అనేదాంట్లో నిజం లేకపోలేదు. ఒకే కదలిక ఒక గదిలో సంబరం, ఒక స్టేజీ మీద కళ, ఒక జాతరలో కాలక్షేపం, నా బల్ల పక్కన వైద్యం. ఎవరు ఏ పేరు పెట్టినా, పెట్టే ముందు ఆ ఒంటి మనిషిని అడగాలని నాకు ఈ కేసు నేర్పింది. రోజంతా ఇతరుల నడుములూ మోకాళ్లూ పట్టుకొని పనిచేసేదాన్ని. ఆ గంటకు, ఆ పనికి మాత్రమే వాళ్లు నాకు తమ శరీరాన్ని అప్పగిస్తారన్నది చదువులో విన్నాను, సరోజక్క దగ్గర తెలుసుకున్నాను.

ఇది అచ్చుకు పంపే ముందు ఆమె ఇంటికి వెళ్లి మొత్తం చదివి వినిపించాను. వద్దంటే చించేద్దామనుకున్నాను. కళ్లు మూసుకొని చివరి దాకా విన్నది. పేర్లు మార్చడం బాగుందంది. ఒక్క చోట మాత్రం ఆపింది. జాతరల సంగతి దగ్గర నేను, 'పాపం, పొట్టకూటి కోసం ఆడవలసి వచ్చింది' అని రాశాను.

"అది కొట్టెయ్ మేడం," అంది. "పొట్టకూటికే అయితే శెనక్కాయ కూలికి పోయుందును. నాకు ఆడేది ఇష్టం."

ఆమె ఎదుటే కొట్టేశాను.