అక్షరం లేని రాళ్ల దగ్గరికి

ఈ ఎండాకాలం అమెరికాలో మేముండే ఆష్‌బర్న్ వైపు శనివారం శనివారం ఇక్కడి చరిత్ర మీద ఉపన్యాసాలు పెట్టారు. టికెట్ లేదు, బస్సూ వాళ్లదే. ఒక్కో వారం ఒక్కో చోటికి తీసుకెళ్లి, అక్కడ జరిగింది అక్కడే చెబుతారు. నాకు ఇంగ్లీషు అంతంతే. తెలుగు అక్షరాలే అరవై దాటాక చర్చిలో దిద్దాను. అయినా ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోలేక బయల్దేరాను. తోడుగా తోడికోడలు సువార్త, మాకు తెలుగులో చెప్పడానికి మనవరాలు రూతు.

తొమ్మిదింటికి బస్సు కదిలింది. రెండు పక్కలా కిటికీల్లేని డేటా సెంటర్లే, లోపలంతా కంప్యూటర్లట.

"వీటిలో మనుషులుంటారా?" అంది సువార్త.

"మా డాడీ ఉంటాడు, వీకెండ్ కూడా," అంది రూతు.

ముందు సీట్లో చేతికర్రతో ఒక నల్లజాతి పెద్దావిడ, మిస్ డోరతీ. పులిహోర పెడితే కారానికి కళ్లు తుడుచుకుంటూనే ఇంకాస్త అడిగింది. రూతుతో చాలాసేపు మాట్లాడింది. రూతు మాకు మాత్రం, "వాళ్ల ముత్తవ్వ గ్రేవ్ చూడ్డానికి వస్తోంది," అని ఒక్క ముక్క చెప్పి ఫోన్‌లో పడింది. మిగతాది తర్వాత తెలిసింది. మేం వెళ్లేది బానిసల్ని పాతిపెట్టిన చోటు. వచ్చే వారం కొలతలవాళ్లు వస్తారు. రాళ్లు ఎంతవరకుంటే కంచె అంతవరకే, అవతలి నేల కొత్త డేటా సెంటర్‌కి. డోరతీ ముత్తవ్వ రాయి అన్నిటికంటే చివరన ఉంది. చిన్నప్పుడు వాళ్లమ్మ చూపించిందట. దాని పక్కన కొలతలవాళ్ల చేత హద్దు జెండా గుచ్చించాలని ఈవిడ ఆరాటం.

పదింటికి దిగాం. చెట్లు, నేలంతా అల్లుకున్న పచ్చటి తీగ. ఒక్క సిలువ లేదు. డోరతీ గేటు దగ్గర కుర్చీలో ఆయాసం తీర్చుకుంటోంది. రూతు కాఫీకి వెళ్లింది. ఉపన్యాసం చెప్పే ఆయన, మిగతావాళ్లు ఇంకా బస్సు దగ్గరే ఉన్నారు.

మా కోస్తాలో సమాధుల పండుగ ముందు ఆడవాళ్లం వెళ్లి కలుపు పీకి, రాళ్లు ఏరి, సున్నం కొడతాం.

"చూశావా అక్కా, ఎవరికీ పట్టలేదు పాపం," అంది సువార్త.

పులిహోర తిన్న మనిషి ముత్తవ్వ కదా, ఆ మాత్రం చెయ్యొద్దా అని ఇద్దరం కొంగులు దోపాం. తీగ పీకాం. రాళ్లు పెకలించి చెట్టు కింద కుప్ప పోశాం. అక్షరమేమైనా ఉందేమోనని ఒక్కోదాన్నీ తిప్పి చూశాను. లేదు. అయితే ఉత్త రాయే అనుకున్నాను.

"అమ్మమ్మా, స్టాప్! అవే గ్రేవ్స్!"

రూతు పరిగెత్తుకొచ్చింది, కాఫీ చేతుల మీద ఒలుకుతోంది.

ఉపన్యాసం చెప్పే ఆయన కేకలెయ్యలేదు. వేసినా బాగుండేది. ఆ రోజుల్లో ఇక్కడ బానిసలకి చదువు చెప్పడాన్ని చట్టం అడ్డుకునేదట. అందుకే పేరు చెక్కకుండా పొలంలో రాయి తెచ్చి తలదగ్గర నిలబెట్టేవాళ్లు, గుర్తుకి ఏడాదంతా పచ్చగా ఉండే తీగ నాటేవాళ్లు. మేం ఆ రెండూ పీకేశాం.

తర్వాత ఉపన్యాసం లేదు. అందరూ మోకాళ్ల మీద కూర్చుని రాళ్లు లేచిన గుంటలు వెతికారు. కొన్ని రాళ్లు గుంటల్లో సరిగ్గా కూర్చున్నాయి. చివరి వైపు నేల మాత్రం మా తొక్కుడుకి చదునైపోయింది. మిగిలిన రాళ్లని డోరతీ ఒక్కోటీ తడిమింది. తనది తెలియలేదు.

"ఏదో ఒకటి అక్కడ పెట్టెయ్యమను," అంది సువార్త ఏడుస్తూ. రూతు చెప్పనంది. నేనే చెప్పించాను.

డోరతీ మావైపు చూసింది. "ఇంకెవర్నో తెచ్చి మా ముత్తవ్వని చెయ్యనా?"

మూడింటికి తిరుగు బస్సు. పులిహోర డబ్బా ఎవరూ తెరవలేదు. కొలతలవాళ్ల దగ్గరికి వచ్చి, రాళ్లు చివరిదాకా ఉండేవని, పీకింది మేమేనని చెబుతాం, రావచ్చా అని రూతు చేత అడిగించాను.

"రండి. వాళ్లు వింటారని కాదు," అని డోరతీ కిటికీ వైపు తిరిగింది.

"అమ్మమ్మా, వాళ్లు రైటింగ్‌లో అడుగుతారు," అంది రూతు.

"తెలుగులో రాస్తాను. నువ్వు ఇంగ్లీషు చెయ్యి. ఒక్క మాట తగ్గించకు."

ఈ ఉపన్యాసాలకి మీరూ వెళ్లండి. నీళ్లు, టోపీ పట్టుకెళ్లండి. చెప్పేది పూర్తిగా వినేదాకా చేతులు కట్టుకుని నిలబడండి.

మళ్లీ ఆ డేటా సెంటర్ల మధ్యే వచ్చాం. వీటిలో మనుషులుంటారా అని ఈసారి సువార్త అడగలేదు.